ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ కార్డు, ఐ3-12100: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

ఇంట్లో స్టోరేజ్ సర్వర్ పెట్టుకునేవాళ్లు ప్రాసెసర్ గురించి ఆలోచించే దాంట్లో సగం డిస్క్ కంట్రోలర్ (డిస్కుల్ని కంప్యూటర్‌కి కలిపే కార్డు) గురించి ఆలోచిస్తే చాలా తలనొప్పులు తప్పుతాయి. మాది పాలకొల్లు, పెళ్లి వీడియోల పని. సీజన్లో ఒక్కో పెళ్లికి వందల జీబీలు వచ్చి పడతాయి, ఎప్పుడో తీసిన పెళ్లివాళ్లు ఫోన్ చేసి "అన్నయ్యా, మా నాన్నగారు ఉన్న ముక్క ఏమన్నా దొరుకుతుందా" అంటే లేదని చెప్పడానికి నోరు రాదు. అందుకే ఎనిమిది డిస్కులు, సర్వర్‌ని నడిపే ట్రూనాస్ సాఫ్ట్‌వేర్, డిస్కులన్నిటినీ ఒకే పూల్‌గా కలిపి చూసుకునే జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్.

మొదట షాపులో ఇచ్చిన చవక సాటా కార్డుతో నడిచింది. అందులో పోర్ట్ మల్టిప్లయర్ చిప్ ఉంది, అంటే ఒకే సాటా లైన్‌ని నాలుగైదు డిస్కులు పంచుకోవాలి. స్పీడ్ తగ్గడం సంగతి అలా ఉంచండి, స్క్రబ్ (డేటా అంతా చదివి సరిచూసే పని) మధ్యలో ఒక డిస్కు మొరాయిస్తే దాని పక్కవి కూడా పూల్‌లోంచి మాయమయ్యేవి. ఎంత టెన్షనో పడ్డవాళ్లకే తెలుసు.

ఎల్‌ఎస్‌ఐ కంట్రోలర్ కార్డు 9211-8ఐ వచ్చాక ఆ గొడవ లేదు. ఇందులో ఉన్నది ఎస్‌ఏఎస్2008 చిప్. ఐబీఎం ఎం1015, డెల్ హెచ్310 పేర్లతో దొరికేవాటిలోనూ అదే చిప్, కాబట్టి సెకండ్‌హ్యాండ్‌లో ఏది మంచి ధరకొస్తే అది తీసుకోవచ్చు. కాకపోతే ఐటీ మోడ్ ఫర్మ్‌వేర్ ఉండాలి. అప్పుడు కార్డు తన సొంత రెయిడ్ తెలివి (డిస్కుల్ని తనే కలిపేయడం) చూపించకుండా డిస్కుల్ని ఉన్నవి ఉన్నట్టు జెడ్‌ఎఫ్‌ఎస్‌కి అప్పగిస్తుంది, రేపు కార్డు పోయినా డిస్కులు తీసి ఇంకో బోర్డుకి తగిలించి పూల్ ఇంపోర్ట్ చేసుకోవచ్చు. కార్డు మదర్‌బోర్డుతో మాట్లాడే దారి పీసీఐఈ 2.0, పాతదని భయపడక్కర్లేదు. ఎనిమిది లేన్లకి సెకనుకి 4 జీబీ దాకా లెక్క, తిరిగే డిస్కులు ఎనిమిదీ కలిసినా అంత లాగవు. ఎస్‌ఎస్‌డీలు మాత్రం మదర్‌బోర్డు పోర్టులకే పెట్టండి, ఈ కార్డు మీద చాలావాటికి ట్రిమ్ (చెరిపేసిన చోటు ఖాళీ అని ఎస్‌ఎస్‌డీకి చెప్పే ఆదేశం) పనిచేయదు.

అసలు సమస్య వేడి. ఇవి సర్వర్లలో గాలి జోరుగా కొట్టే చోట ఉండాల్సిన కార్డులు. మే నెలలో మా డెల్టా ఉక్కపోతకి, మామూలు క్యాబినెట్‌లో, హీట్‌సింక్ మీద వేలు పెడితే క్షణం కూడా ఆనించలేం. పాత కార్డుల్లో హీట్‌సింక్ కింద పేస్ట్ ఎండి పెళుసుగా ఉంటుంది, అది గీకేసి కొత్తది రాసి, 40 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాన్ ఒకటి జిప్ టైలతో హీట్‌సింక్‌కే కట్టేశాను. ఆ తర్వాత కాపీ మధ్యలో కార్డు రీసెట్ అవడం మళ్లీ చూడలేదు.

ఇంకోటి కేబుళ్లు. డిస్కు తన ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టులో 199వ నంబరు, అంటే సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో డేటా చెడిపోవడం) పెరుగుతుంటే డిస్కు పోయిందని గాబరా పడి కొత్తది కొనేయకండి, ముందు కేబుల్ మార్చి చూడండి. మా ఉప్పుగాలికి కనెక్టర్లు తొందరగా చిలుము పడతాయి. 5, 197 నంబర్లు (పాడైన, అనుమానపు సెక్టార్లు) పెరిగితే మాత్రం అది డిస్కు జబ్బే.

ప్రాసెసర్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నాలుగు కోర్ల ఇంటెల్ ఐ3-12100 ఖాళీగా కూర్చుంటుంది. గిగాబిట్ నెట్‌వర్క్‌లో సెకనుకి 110 ఎంబీ దగ్గరే ఆగిపోతాం, అది ప్రాసెసర్ తప్పు కాదు. చవకని చెప్పి ఎఫ్ అక్షరం ఉన్నది మాత్రం కొనకండి, అందులో గ్రాఫిక్స్ ఉండదు. ఆ గ్రాఫిక్స్‌లో వీడియోని మార్చిపెట్టే క్విక్‌సింక్ ఉంటే క్లయింట్ ఫోన్‌లో 4కే వీడియో తెరిచినా, వీడియోలు చూపించే జెల్లీఫిన్ సాఫ్ట్‌వేర్ ఆయాసపడదు. నాలుగు డిస్కులకైతే ఇంటెల్ చిన్న ప్రాసెసర్ ఎన్100 ఉన్న బోర్డు చాలు. దానికి పీసీఐఈ లేన్లు తొమ్మిదే, ఎనిమిది డిస్కులకి కార్డు పెట్టాలంటే స్లాట్ ఎన్ని లేన్లో చూసుకోవాలి.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. కార్డు ఒక్కటే 10 వాట్ల దాకా తింటుంది, నెలకి 7 యూనిట్లు. పైగా అది ఉన్నంతసేపు ప్రాసెసర్ గాఢనిద్రలోకి పోదు. ఐదారు డిస్కులే అయితే ఏఎస్‌ఎం1166 చిప్ ఉన్న చిన్న కార్డు నయం, అందులో మల్టిప్లయర్ లేదు, వేడీ తక్కువే. యూపీఎస్ మాత్రం దేనికైనా తప్పదు. రాత్రిళ్లు చెరువుల మీద ఏరియేటర్లన్నీ ఒక్కసారి తిరిగితే మా వీధిలో వోల్టేజీ ఎలా ఊగుతుందో చూస్తూనే ఉన్నాను.

9211 కొనేటప్పుడు కార్డు వైపు ఉండే ఎస్‌ఎఫ్‌ఎఫ్-8087 కనెక్టర్ నుంచి నాలుగు సాటాలకి వెళ్లే ఫార్వర్డ్ కేబుల్ అని అడిగి తీసుకోండి. రివర్స్ కేబుల్ చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, తగిలిస్తే డిస్కులు కనపడవు. కొత్త తరం కార్డు 9300-8ఐకి వెళ్తే అసలు కనెక్టరే వేరు, ఎస్‌ఎఫ్‌ఎఫ్-8643, పాత కేబుళ్లు పట్టవు.