అలిజే విమానం: చాలా ఏళ్లు అందులో ఎగిరినవాడి అంచనా

ఫ్రెంచ్ సంస్థ బ్రెగే తయారుచేసిన అలిజేను భారత నౌకాదళపు 310వ స్క్వాడ్రన్ 1961 నుంచి విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్ మీద జలాంతర్గాముల వేటకు వాడింది. ఆ విమానంలో పరికరాల ఆపరేటర్‌గా చాలా ఏళ్లు ఎగిరాను కనుక నా అంచనా రాస్తున్నాను.

దాని అసలు బలం ఓపిక. ఒకే ఒక్క రోల్స్ రాయిస్ డార్ట్ టర్బోప్రాప్ (జెట్ తరహాలో పనిచేస్తూ ప్రొపెల్లర్‌ను తిప్పే) ఇంజన్‌తో గంటల తరబడి సముద్రాన్ని గాలించేది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఆవ్రోల్లో తిరిగినవారికి ఆ ఇంజన్ కీచుకూత గుర్తుండే ఉంటుంది. సీ హాక్ జెట్ల కోసం ఓడలో నిల్వచేసే కిరోసిన్ రకం ఇంధనమే దీనికీ సరిపోవడం వల్ల, పిస్టన్ ఇంజన్లకు కావలసిన పెట్రోలును ఓడలో దాచే ప్రమాదం తప్పింది.

పైలట్, రాడార్ ఆపరేటర్ ముందు కూర్చుంటే, మూడోవాడు వారి వెనక పక్కకు తిరిగి కూర్చోవాలి. విమానం ఒరిగినప్పుడల్లా కడుపులో తిప్పే ఆ చోటు నాది. పొట్ట కిందికి దిగే రాడార్, సముద్రం ప్రశాంతంగా ఉంటే పెరిస్కోప్‌నైనా పట్టేది కానీ, వర్షాకాలంలో తెర నిండా అలల చుక్కలే కనిపించేవి. చక్రాలు ముడుచుకునే రెక్కల తొడుగుల్లోంచి సోనోబాయ్‌లు (నీటిలో తేలుతూ శబ్దాలు పట్టి రేడియోలో పంపే పరికరాలు) జారవిడిచి, నీటి అడుగు చప్పుళ్లు వినేవాళ్లం. మన ఉష్ణసముద్రాల్లో పైన వేడినీరు, కింద చల్లనీరు పొరలుగా ఉండటం వల్ల శబ్దం వంగిపోతుంది. ఆ పొర కింద నక్కిన జలాంతర్గామి తరచుగా వినబడదు.

1971 యుద్ధంలో అలిజేలు చిట్టగాంగ్ వంటి ఓడరేవుల మీద దాడులకే ఎక్కువగా పనికివచ్చాయి. విక్రాంత్ కోసం వెతుకుతూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ వాటి కంటపడకుండానే విశాఖ ముంగిట మునిగిపోయింది. గంటకు 500 కిలోమీటర్లు దాటడమే గగనమైన ఈ విమానానికి జెట్ ఫైటర్ ఎదురైతే తప్పించుకునే దారి లేదు. పడమటి తీరంలో ఒక అలిజేను పాకిస్తానీ స్టార్‌ఫైటర్ జెట్ కూల్చివేసింది.

1987 తర్వాత తీరానికే పరిమితమై, 1991లో సేవ నుంచి తప్పుకుంది. సోనార్‌ను (నీటిలో శబ్దంతో జలాంతర్గాములను పట్టే పరికరాన్ని) ఆ నీటిపొర కిందికి దించి వినగల సీ కింగ్ హెలికాప్టర్ వేటలో దీనికంటే మేలనే ఒప్పుకుంటాను. కానీ ఓడకు దూరంగా పోయి, తక్కువ సమయంలో ఎక్కువ సముద్రాన్ని గాలించాలంటే మాత్రం నేను అలిజేనే ఎంచుకుంటాను.