ఫోరాకార్ట్ 200, స్పేసర్: ఆరేళ్లు వాడాక

చిన్నప్పుడు అనంతపురంలో మృగశిర కార్తెకి చేప మందు మింగించారు. పెద్దయ్యేసరికి ఆయాసం (ఆస్తమా) పోయిందనే అనుకున్నాం. ఉద్యోగానికి బెంగళూరు వచ్చి మారతహళ్లి పీజీలో దిగిన మొదటి డిసెంబరులోనే తెల్లవారుజామున పిల్లికూతలు మళ్లీ మొదలయ్యాయి.

రెండేళ్లు అస్తాలిన్ (సాల్బుటమాల్ అనే మందున్న ఇన్‌హేలర్) ఒక్కదానితోనే నెట్టుకొచ్చాను. రెండు పఫ్‌లు కొడితే ఐదు నిమిషాల్లో ఛాతీ వదులయ్యేది. బిగుసుకున్న శ్వాస గొట్టాలను కాసేపు సడలించడమే దాని పని, లోపలి వాపు అలాగే ఉంటుంది. 200 పఫ్‌ల డబ్బా నెల తిరక్కుండానే అయిపోతుంటే అది ప్రమాద సూచన అని నాకు తట్టలేదు. ఒక రాత్రి నాలుగు మాటలు కలిపి చెప్పలేని స్థితిలో రూమ్మేట్ ఆటోలో ఎమర్జెన్సీకి తీసుకెళ్లాడు. సాల్బుటమాల్ ఒక్కటే వాడొద్దని ప్రపంచ ఆస్తమా మార్గదర్శకాలు 2019 నుంచి చెబుతున్నాయట. ఆ మాట నాకు తెలిసింది ఆ రాత్రి తర్వాతే.

అప్పుడు రాసిచ్చారు ఫోరాకార్ట్ 200 ఇన్‌హేలర్. ఒక్కో పఫ్‌లో వాపు తగ్గించే స్టెరాయిడ్ బుడెసొనైడ్ 200, గొట్టాలను సడలించే ఫార్మోటెరాల్ 6 మైక్రోగ్రాములు. నాకు చెప్పింది పొద్దున రెండు, రాత్రి రెండు. 120 పఫ్‌ల డబ్బా సరిగ్గా నెల వస్తుంది. మందు అయిపోయినా గ్యాస్ మాత్రం బుస్సుమంటూనే ఉంటుంది, అందుకే మొదలుపెట్టిన తేదీ ప్లాస్టర్ మీద రాసి డబ్బాకి అంటిస్తాను.

మొదట్లో నాకేమీ గుణం కనబడలేదు. ఒకసారి డాక్టరుగారు తన ఎదుటే పీల్చి చూపించమన్నారు. నొక్కగానే నా పెదాల పక్కనుంచి తెల్లటి పొగ బయటికొచ్చింది! మందులో సగం గాలికే పోతోందన్నమాట. ఇన్‌హేలర్‌కీ నోటికీ మధ్య ఉంచే ప్లాస్టిక్ గొట్టం, అదే స్పేసర్, పెట్టుకుని, నెమ్మదిగా పీల్చి, పది అంకెలు లెక్కపెట్టే దాకా ఊపిరి బిగబట్టడం మొదలుపెట్టాక మూడు వారాల్లో రాత్రిళ్లు నిద్ర పట్టింది. ఆదివారం స్పేసర్‌ని సబ్బు నీళ్లలో ముంచి తీసి, తుడవకుండా వంటగది గట్టు మీద ఆరబెడతాను. గుడ్డతో రుద్దితే స్టాటిక్ కరెంటు పుట్టి మందంతా దాని లోపలి గోడలకే అంటుకుంటుంది.

పఫ్ తర్వాత నీళ్లతో పుక్కిలించడం అశ్రద్ధ చేసిన నెలలో నాలుక మీద తెల్లటి పూత వచ్చింది, గొంతు బొంగురుపోయింది. ఇప్పుడు పఫ్ తర్వాతే పళ్లు తోముకుంటాను.

ఆస్తమాకే ఇచ్చే మాంటెలుకాస్ట్ మాత్ర నాకు పడలేదు. పీడకలలు, ఊరికే చిరాకు. నేను గమనించలేదు, తమ్ముడు గమనించి చెప్పాడు. డాక్టరుగారు ఆపించారు. ఇలాంటి మార్పుల గురించే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో ఆ మందు మీద పెద్ద హెచ్చరిక వేయించింది. ఇంట్లో ఎవరైనా వాడుతుంటే వాళ్ల నిద్ర, మనసు ఒక కంట కనిపెట్టండి.

"పంపు పట్టుకుంటే ఇంక వదలదు నాయనా, మాత్రలు మేలు" అని అమ్మ ఇప్పటికీ ఫోన్‌లో బాధపడుతుంది. నేను లెక్క చెబుతాను: సాల్బుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములు, ఒక పఫ్ 100 మైక్రోగ్రాములు, అంటే మాత్రలో నలభయ్యో వంతు. అదీ నేరుగా ఊపిరితిత్తులకే.

అస్తాలిన్ ఇప్పటికీ బ్యాగులో ఉంటుంది. మొన్న ఉగాదికి ఊరెళ్తూ తీసి చూస్తే డబ్బా సగానికి పైగా నిండుగానే ఉంది, గడువు మాత్రం దాటిపోయింది.