ట్రయంఫ్ టీఆర్6: ఇంజెక్షన్ తీసి పాత స్ట్రాంబర్గ్‌లు పెట్టిన నాలుగేళ్ళకి

బండి 2498 సీసీ ఆరు సిలిండర్ల ట్రయంఫ్ టీఆర్6 కారు, 150 హార్స్‌పవర్ రోజుల ఇంజను. తీసేసింది లూకాస్ మెకానికల్ పెట్రోల్ ఇంజెక్షన్, వాడుకలో పీఐ అంటారు. పెట్టింది అమెరికా టీఆర్6 నుంచి ఊడదీసిన సెకండ్‌హ్యాండ్ జెనిత్-స్ట్రాంబర్గ్ 175 కార్బురేటర్లు రెండు, మేనిఫోల్డు, లింకేజీతో సహా. నాలుగేళ్ళలో 11,000 కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం బరంపురం నుంచి తప్తపాణి ఘాటు మీదుగా మోహన దాకా, అప్పుడప్పుడూ సాలూరు దగ్గర సుంకి ఘాటెక్కి కోరాపుట్‌కి.

ముందు ఒక మాట. ఇంజెక్షన్ పీకేయాలనుకునే చాలామందికి పాడైంది ఇంజెక్షన్ కాదు, పంపు. లూకాస్ పంపు డిక్కీలో, ట్యాంకు పక్కన ఉంటుంది. వైపర్ మోటారు నుంచి పుట్టిన మోటారది, దానిచేత వంద పీఎస్ఐ పైచిలుకు ప్రెషర్ తెప్పిస్తారు. మే నెలలో బరంపురం ఎండకి పంపు కాగుతుంది. వాడగా మిగిలిన పెట్రోలు వేడెక్కి మళ్ళీ ట్యాంకులోకే వస్తుంది. ట్యాంకు పావుకి దిగిందంటే పంపులో ఆవిరి పట్టి, కూత మారి, ఇంజను ఎగిరెగిరి పడుతుంది. అలాంటప్పుడు పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగండి. బండి మామూలుగా నడిచిందా, మీకు కావాల్సింది కార్బురేటర్లు కాదు, బాష్ రకం హైప్రెషర్ పంపు. ఖర్చూ తక్కువ, 150 గుర్రాలూ మిగులుతాయి. సిలిండర్లకి పెట్రోలు కొలిచి పంచే మీటరింగ్ యూనిట్ సీళ్ళు పోయి పెట్రోలు కారుతున్నా, డిప్‌స్టిక్ తీస్తే పెట్రోలు వాసన కొడుతున్నా అప్పుడు ఈ మార్పు గురించి ఆలోచించవచ్చు. ఈ చుట్టుపక్కల ఆ యూనిట్‌ని బెంచీ మీద పెట్టి సరిచేసే చోటు లేదు. స్ట్రాంబర్గ్ అలా కాదు. అంబాసిడర్ ఎస్‌యూ కార్బురేటర్ విప్పి బిగించిన పాత మిస్త్రీకి దీని లోపల గాలి లాగుడుకి లేచే పిస్టను, దాని అడుగున పెట్రోలు కొలిచే నీడిలు చూడగానే అర్థమవుతాయి.

పాత కార్బురేటర్ కొనేటప్పుడు చూడాల్సింది థ్రాటిల్ స్పిండిల్, అంటే యాక్సిలరేటర్ నొక్కితే తెరుచుకునే గాలి రేకు తిరిగే ఇరుసు. పైన ఎంత మెరిసినా, స్పిండిల్ పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తే చేతికి లూజు తెలిసిందంటే అక్కడ గాలి లాగుతుంది, స్లో స్పీడు ఎప్పటికీ నిలవదు. మా జతలో రెండూ అరిగే ఉన్నాయి. లేత్ మీద కంచు బుష్‌లు వేయించి, కొత్త స్పిండిల్, కొత్త సీళ్ళు పెట్టాకే దారికొచ్చాయి. తర్వాత పిస్టన్ని ఎత్తే రబ్బరు పొర, డయాఫ్రమ్‌ని వెలుతురుకు పట్టి చూడాలి, సూదిమొన చిల్లి ఉన్నా పిస్టను పూర్తిగా లేవదు. అమెరికా పొగ నిబంధనల కోసం తగిలించిన రెండు సరంజామాలుంటాయి: టెంపరేచర్ కాంపెన్సేటర్, బైపాస్ వాల్వు. మొదటిది ఇరుక్కుంటే గాలి, పెట్రోలు మిక్చర్ తేడా చేస్తుంది, రెండోదాని డయాఫ్రమ్ పోతే కాలు తీసినా ఇంజను గోల తగ్గదు. రెండిటినీ చిల్లి లేని గ్యాస్కెట్‌తో మూసేశాం, లోటేమీ లేదు. పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే ఫ్లోటు ఎత్తు కార్బురేటర్ తిరగేసి కొలిస్తే 16 నుంచి 17 మిల్లీమీటర్లు. మేనిఫోల్డు కొనే ముందు గ్యాస్కెట్‌ని అటు హెడ్డు మీదా, ఇటు మేనిఫోల్డు మీదా పెట్టి చూడండి; పోర్టుల మధ్య దూరం అన్ని మోడళ్ళకీ ఒకటి కాదు.

బిగింపులో ఎక్కువ పని పెట్రోలు లైనుది. పాత పంపు, ప్రెషర్ రిలీఫ్ వాల్వు రెండూ తీసేయాలి. కొత్త పంపు రెండున్నర, మూడు పీఎస్ఐ మించకూడదు. నాలుగు దాటితే ఫ్లోటు నీడిల్ పెట్రోలుని ఆపలేకపోతుంది, పెట్రోలు పొంగి కిందికి కారుతుంది, కింద ఉన్నది ఎగ్జాస్ట్ మేనిఫోల్డు. పంపుని ట్యాంకు కన్నా కిందుగా, ఫిల్టరు దానికి ముందుగా పెట్టాలి. గుద్దుకుంటే పంపుని ఆపే ఇనర్షియా స్విచ్ పీఐ బండికే ఉంటుంది, దాన్ని పీకొద్దు, కొత్త పంపు వైరు దాని గుండానే తేవాలి. మీటరింగ్ యూనిట్ తీసిన చోట డిస్ట్రిబ్యూటర్ పీఠానికి 6 మిల్లీమీటర్ల అల్యూమినియం పలక కోయించి గ్యాస్కెట్‌తో మూయాలి, లేకపోతే ఇంజనాయిలు బయటికొస్తుంది. బ్రేక్ సర్వోకి వాక్యూమ్ గొట్టం మరిచిపోతే పెడలు రాయిలా ఉంటుంది.

ఇక వేడి సంగతి. డిక్కీలోంచి పోయిన వేడి బానెట్ కింద తేలింది. ఈ ఇంజనులో ఇన్‌టేకూ ఎగ్జాస్టూ ఒకే పక్కన, కార్బురేటర్లు సరిగ్గా ఎగ్జాస్ట్ నెత్తి మీద ఉంటాయి. ఘాటెక్కి తప్తపాణిలో టీ తాగి వచ్చేసరికి ఫ్లోటు చాంబరులో పెట్రోలు మరిగి మేనిఫోల్డులోకి పొంగుతుంది. చోక్ ముట్టుకోకుండా, యాక్సిలరేటర్ సగం నొక్కి పట్టి స్టార్టు చేస్తే పట్టుకుంటుంది, చోక్ లాగితే ప్లగ్గులు తడిసి ముద్దవుతాయి. కార్బురేటర్ వెనక 10 మిల్లీమీటర్ల బేకలైట్ స్పేసరు, కింద వేలెడు ఖాళీ వదిలి ఒకటిన్నర మిల్లీమీటరు అల్యూమినియం రేకు పెట్టాక ఈ బాధ ముప్పాతిక తగ్గింది. మిగతా పావు మేలోనూ జూన్‌లోనూ ఉంటుంది.

మిక్చర్ మళ్ళీ కట్టుకోక తప్పదు. ఇప్పుడు బంకులో వచ్చే ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు ఒక పాలుకి గాలి పాలు 14.7 కాదు, సుమారు 13.5 చాలు. అంటే అమెరికా సెట్టింగు ఇక్కడ లీను, పెట్రోలు తక్కువ. నీడిల్ తిప్పడానికి జంట పనిముట్టు కావాలి: లోపల అలెన్ కీ, బయట పిస్టన్ని కదలకుండా పట్టే గొట్టం. ఒట్టి అలెన్ కీతో తిప్పితే పిస్టనూ తిరిగి డయాఫ్రమ్ మెలిపడి చిరుగుతుంది. కొత్త డయాఫ్రములు ఎక్కువగా పోయేది అలాగే. పిస్టను ఒక మిల్లీమీటరు ఎత్తి చూడాలి: వేగం పెరిగి అలాగే ఉండిపోతే రిచ్, అంటే పెట్రోలు ఎక్కువ, ఇంజను ఆగబోతే లీన్, కొద్దిగా పెరిగి సర్దుకుంటే సరిపోయినట్టు. దానికన్నా ముందు రెండు కార్బురేటర్ల మధ్య కప్లింగు వదులు చేసి, గొట్టం చెవిన పెట్టి గాలి బుసలు సమానం చేసుకోవాలి. స్లో స్పీడు 850 దగ్గర పెట్టాం. అంతకన్నా కిందికి ఈ ఇంజను ఒప్పుకోదు, కారణం క్యామ్. 150 హార్స్‌పవర్ క్యామ్‌కి ఓవర్‌ల్యాప్, అంటే ఇన్‌టేకు, ఎగ్జాస్టు వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండేది, 70 డిగ్రీలు; స్ట్రాంబర్గ్‌లకి నప్పేది తర్వాత వచ్చిన 36 డిగ్రీల క్యామ్. పిస్టను ఒక్కసారిగా ఎగరకుండా పట్టే డ్యాష్‌పాట్‌లో 20డబ్ల్యూ50 ఇంజనాయిలే పోస్తున్నాం, గేరాయిలు పోస్తే పికప్ మందగిస్తుంది.

నడకలో లాభనష్టాలు చెప్పాలంటే, 4,500 ఆర్‌పీఎం పైన లాగుడు తగ్గింది, దాచాల్సిన పని లేదు. రెండున్నర వేల దగ్గర ఘాటు మలుపుల్లో మాత్రం పీఐ కన్నా మెత్తగా లాగుతుంది. మైలేజి ఏడు నుంచి ఎనిమిదిన్నరకు వచ్చింది. కోరాపుట్ ఎత్తులో కొంచెం రిచ్ అవుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి, కిందికి దిగితే తేరుకుంటాయి. సెట్టింగు ముట్టుకోవద్దు.

నాలుగేళ్ళలో రెండు డయాఫ్రములు, ఒక ఫ్లోటు నీడిలు, మామూలు రబ్బరు గొట్టాలన్నీ పోయాయి. గొట్టాలు ఇథనాలుకి లోపల ఉబ్బి, పొక్కులుగా రాలి ఫిల్టరులో నల్లగా చేరాయి. ఇథనాలుకి తట్టుకునే ఆర్9 రకం గొట్టాలు వేశాక ఆ నలుపు కనబడలేదు. వానాకాలం నెల రోజులు బండి తీయకపోతే ఫ్లోటు చాంబర్లు ఖాళీ చేసి ఉంచండి, ఇథనాలు తేమ లాగి అడుగున నీరు చేరుస్తుంది.

విప్పిన పీఐ సామాను అమ్ముకోవద్దు. మీటరింగ్ యూనిట్‌ని పొడిగా అటక మీద పడేస్తే లోపలి రోటరు తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. లోపల పల్చటి ఆయిలు నింపి, మూతులకు బిరడాలు కొట్టి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టండి.