ఆరేళ్లుగా పేడతో వర్మీకంపోస్టు: నా అనుభవం

మా గేదెల పేడతో, కొట్టం పక్కన తాటాకు పందిరి కింద కట్టించిన రెండు సిమెంటు తొట్లలో ఆరేళ్లుగా వర్మీకంపోస్టు, అంటే వానపాముల ఎరువు, తయారుచేస్తున్నాను. అంతకుముందు పేడంతా పెంటకుప్పకే చేరేది. ఎండకు ఎండి, వానకు నాని, వేసవిలో పొలానికి తోలేసరికి సారం చాలావరకు పోయేది.

మొదటిసారి పచ్చిపేడ నేరుగా నింపి వానపాములను వదిలాను. రెండో రోజుకే అవి గోడల మీదికి పాకాయి, చాలావరకు చచ్చిపోయాయి. ఆ బాధ ఇప్పటికీ ఉంది. పచ్చిపేడలో తేలిగ్గా కుళ్లే పదార్థం మీద సూక్ష్మజీవులు పడినప్పుడు పుట్టే వేడినీ, వెలువడే అమ్మోనియానూ వానపాములు తట్టుకోలేవు. అప్పటినుంచి పేడను 15 నుంచి 20 రోజులు విడిగా కుప్పపోసి, తడుపుతూ తిరగేసి, చెయ్యి పెడితే చల్లగా తగిలిన తరువాతే తొట్టిలో వేస్తున్నాను.

తొట్టిలో జరిగే మార్పును అర్థం చేసుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది. పళ్లు లేని వానపాము మింగిన పేడను దాని కడుపులోని కండర సంచి ఇసుక రేణువులతో కలిపి మెత్తగా నూరుతుంది; ఆ నలిగిన పదార్థంపై పేగులోనూ, విసర్జించిన తరువాత గుళికల్లోనూ సూక్ష్మజీవులు పనిచేసి, తేలికైన కర్బనాన్ని బొగ్గుపులుసు వాయువుగా వదిలేస్తాయి. గేదె అరిగించుకోలేక వదిలిన పీచులో మొండిదైన లిగ్నిన్ నెమ్మదిగా మారుతూ, నేలలో ఎక్కువకాలం నిలిచే హ్యూమస్‌లో భాగమవుతుంది. ఎరువులో నత్రజని శాతం పెరగడానికి ముఖ్య కారణం ఇలా కర్బనం పోయి కుప్ప తగ్గిపోవడమే తప్ప, వానపాములు దాన్ని కొత్తగా పుట్టించడం కాదు. అమ్మేవారు ఈ సంగతి చెప్పరు. నేను పరీక్ష చేయించినప్పుడు కర్బన, నత్రజని నిష్పత్తి (నత్రజనికి కర్బనం ఎన్ని రెట్లు ఉందన్న లెక్క) పేడలో 27, జల్లించిన ఎరువులో 14 వచ్చింది.

వేసవిలో పైన కప్పిన గోనెసంచులను రోజూ తడపక తప్పదు. ఒక్క పూట ఏమరినా పై పొర ఎండి, వానపాములు అడుక్కి దిగిపోతాయి. చీమల బాధ కూడా అప్పుడే ఎక్కువ.

పైన టీ పొడిలాంటి నల్లని గుళికలు కనిపించగానే ఎరువు సిద్ధమైందని తొందరపడకూడదు. నేను నీళ్లు ఆపి, వానపాములు కిందికి దిగాక పై పొరను తీసి, నీడలో మరో రెండు వారాలు ఉంచి, పేడ వాసన పూర్తిగా పోయి తొలకరి మట్టి వాసన వచ్చాకే జల్లెడ పడతాను. మా మిరప నారుమడికి వేసేది ఆ ఎరువే.