బెంగళూరు నుంచి హైదరాబాద్ ఇల్లు మారుతున్నారా? ఆ ప్యాకర్స్ వాళ్లని మాత్రం పిలవకండి

నిన్న రాత్రి పదకొండున్నరకి సామాను దిగింది. మంచాలు ఇంకా బిగించలేదు, నేల మీద పరుపు వేసుకుని కూర్చుని ఇది రాస్తున్నాను. కోపం తగ్గాక రాయమంది మా ఆవిడ. తగ్గితే ఇక రాయను, నా సంగతి నాకు తెలుసు.

ఎవరో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పెద్ద కంపెనీ పేరులో ఒక్క అక్షరం మార్చి బోర్డు పెట్టుకున్నవాళ్లే. నెట్‌లో వెతికితే అందరికంటే పైన వస్తారు, పక్కన చిన్నగా స్పాన్సర్డ్ అని ఉంటుంది, నేను చూసుకోలేదు. మారతహళ్లిలో డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు ఖాళీ చేసి నిజాంపేట రావాలి. ప్యాకింగ్, లోడింగ్, డీసీఎం బండి, అన్‌లోడింగ్, బైకుతో సహా మొత్తం 24,500 మాట్లాడుకున్నాం. 5,000 టోకెన్, లోడయ్యాక 12,000, సామాను దిగాక 7,500. కాగితం లేదు. వాట్సాప్‌లో "ఓకే సార్, ఫైనల్" అని ఒక మెసేజ్, కింద రెండు దణ్ణాలు. అదే మా అగ్రిమెంటు.

సామాను చూడ్డానికి మేనేజరే వచ్చాడు. తెలుగాయనే. "అన్నా, మీది ఒంగోలా? మాది అద్దంకి" అన్నాడు. సగం అక్కడే పడిపోయాను. మిగతా సగం రాజకీయాలతో పడగొట్టాడు.

టీవీలో నియోజకవర్గాల పునర్విభజన మీద ఏదో చర్చ నడుస్తోంది. నేను ఊరుకోను కదా. రాష్ట్రానికెన్ని లోక్‌సభ సీట్లన్నది 1971 జనాభా లెక్కల దగ్గరే ఆగి ఉంది, ఇప్పుడు కొత్త లెక్కల ప్రకారం పంచితే పిల్లల్ని తక్కువ కన్నందుకు మనకి శిక్ష వేసినట్టే కదా అన్నాను. "కరెక్టుగా చెప్పారన్నా" అన్నాడు. జమిలి ఎన్నికలు మంచివే, ఖర్చు తగ్గుతుంది అన్నాను. "కరెక్ట్" అన్నాడు. కాఫీ తాగుతూ, అయినా అన్నీ ఒకేసారి పెడితే రాష్ట్రాల గొడవలు ఎవడు పట్టించుకుంటాడు అన్నాను. అదీ కరెక్టేనట! కనీసం అప్పుడైనా నాకు వెలగాలి. వెలగలేదు. పైగా, ఎంత అవగాహన ఉన్న కుర్రాడో అని మా ఆవిడతో అన్నాను.

చివరికి జీఎస్టీ దగ్గరికొచ్చాం. 2017 జూన్ 30 అర్ధరాత్రి పార్లమెంటు సెంట్రల్ హాల్లో దాన్ని మొదలుపెట్టినప్పుడు మేలుకుని టీవీ చూసినవాణ్ణి నేను. "పార్టీలని తిట్టి ఏం లాభం, బిల్లివ్వకుండా వ్యాపారం చేసేవాడే ఈ దేశంలో అసలు దొంగ" అని ఈ నోటితోనే అన్నాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

శనివారం లోడింగ్ బాగానే జరిగింది. వచ్చిన నలుగురు కుర్రాళ్లదీ బీహార్. గాజు సామాను బబుల్ షీట్‌లో చుడుతూ ఒకడు చెప్పాడు, పోయినేడు ఓటర్ల జాబితా సవరణలో పేరు పోకుండా ఉండాలని కూలి వదులుకుని ఊరెళ్లి కాగితాలు చూపించి వచ్చాడట. నాలాగా అద్దె ఇల్లు మారినవాడు ఫారం 8 నింపితే ఓటు కొత్త అడ్రసుకి మారుతుంది. ఏడాదికి మూడు ఊళ్లు మారే వాడికి ఏ ఫారం సరిపోతుంది? ఢిల్లీలో కూర్చుని రూల్స్ రాసేవాళ్లు ఒక్కసారి ఇలాంటి బండిలో ఎక్కి రావాలి. సరే, అది వదిలేయండి. ఆ కుర్రాళ్ల తప్పేమీ లేదు.

ఆదివారం పొద్దున వస్తుందన్న బండి రాత్రి ఎనిమిదైనా రాలేదు. ఎనిమిదిన్నరకి మేనేజర్ ఫోన్ చేశాడు. బండి శంషాబాద్ దగ్గర ఆగిందట, లెక్క కొంచెం మారిందట.

ఎక్స్‌ట్రా సామాను 9,000. ఫ్లోర్ చార్జీ 3,000. (నాలుగో అంతస్తు, లిఫ్టు ఉందని ముందే చెప్పాను.) బోర్డర్‌లో ఈ-వే బిల్లు ఫైన్ 2,500. (సరుకు రవాణాకి తీసుకునే జీఎస్టీ కాగితం అది.) 24,500 మీద 18 శాతం జీఎస్టీ 4,410. అంతా కలిపి 18,910, నేనివ్వాల్సిన 7,500 దీనికి అదనం. ఫోన్‌పే చేస్తేనే బండి కదులుతుందన్నాడు.

ఇదేంటి తమ్ముడూ, అన్నీ కలిపి అన్నావుగా అన్నాను. అంతవరకు "అన్నా, అన్నా" అన్నవాడు ఒక్కసారిగా "చూడు బ్రదర్" అన్నాడు. పోనీ జీఎస్టీ బిల్లు పంపించు, కడతాను అన్నాను. నవ్వాడు. నిజంగా నవ్వాడు, పక్కన ఇంకెవరో కూడా నవ్వడం వినపడింది.

"నువ్వే కదా చెప్పావ్, ఈ దేశంలో పన్ను కట్టనోడే దొంగ అని. కట్టు మరి."

నేనన్నది కట్టనోడని కాదు, బిల్లివ్వనోడని. ఆ తేడా అప్పుడు నోటికి రాలేదు. ఇవాళ పొద్దున స్నానం చేస్తుంటే వచ్చింది, ఏం చేసుకోను!

112కి ఫోన్ చేస్తానన్నాను. "చెయ్. వాళ్లొచ్చేసరికి బండి కర్నూలు దాటుద్ది" అన్నాడు. ఇక్కడ అమ్మ బీపీ మాత్రలు ఆ బండిలో ఉన్నాయి. పాప స్కూలు టీసీ అందులోనే. మా అందరి సర్టిఫికెట్లూ ఒకే సూట్‌కేసులో, "జాగ్రత్తగా ఉంటుంది" అని నేనే చేతులారా లోడ్ చేయించాను. గంటసేపు బతిమాలితే 18,910 కాస్తా 14,000కి దిగింది. పాత 7,500తో కలిపి 21,500 పంపాను. పంపుతుంటే మా ఆవిడ ఒక్కటే మాట అంది: "ఇంకో గంట రాజకీయాలు మాట్లాడండి, ఇంకా తగ్గిస్తాడేమో."

డ్రైవర్ వచ్చి చెప్పాడు, అతనికి దారి బత్తా కూడా ఇవ్వలేదట. బండి హోసూరు రోడ్డులో ఒక గోడౌన్ దగ్గర ఆపి, మన సామాను కింద వేరేవాళ్ల సోఫాలు ఎక్కించారట. అందుకే మన ఫ్రిజ్ తలుపు సొట్టపడింది. కుట్టుమిషన్ చక్రం విరిగింది. 41 పెట్టెలు ఎక్కిస్తే 39 దిగాయి. రానివాటిలో ఒకదాంట్లో మా అమ్మ పుట్టింటి ఇత్తడి బిందె ఉంది. ఈ వార్త అమ్మకి ఇంకా చెప్పలేదు, అడిగినప్పుడల్లా ఏదో పెట్టెలో ఉందంటున్నాను.

ఇవాళ తీరిగ్గా కూర్చుని చూస్తే తెలిసింది: వాడిన ఇంటి సామానుకి ఈ-వే బిల్లే అక్కర్లేదు, రూల్స్‌లో మినహాయింపు స్పష్టంగా ఉంది. రాష్ట్రాల సరిహద్దుల్లో అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు జీఎస్టీ రాగానే ఎత్తేశారు. అంటే లేని చెక్‌పోస్టులో, లేని బిల్లుకి, వాడు వేసిన ఫైన్ నేను కట్టాను. టీవీ ముందు కూర్చుని దేశ ఆర్థిక వ్యవస్థ మీద గంటలు గంటలు మాట్లాడే నేను!

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. 2024 మే 13న ఓటేయడానికి బస్సులో సీటు దొరక్కపోతే బెంగళూరు నుంచి మెట్ల మీద కూర్చుని ఒంగోలు వెళ్లాను. పోయేముందు అభ్యర్థుల అఫిడవిట్లు చదివాను, ఎవరి మీద ఎన్ని కేసులున్నాయో, ఆస్తులెన్నో అన్నీ. అలాంటివాణ్ణి, ఇంటి సామానంతా అప్పజెప్పేవాడి జీఎస్టీ నంబరు కూడా అడగలేదు. జీఎస్టీ పోర్టల్‌లో నంబరు కొడితే అసలు పేరు, అడ్రసు, రిజిస్ట్రేషన్ బతికుందో లేదో ఉచితంగా వస్తాయి, లాగిన్ కూడా అక్కర్లేదు. రెండు నిమిషాల పని. మాటలు నాలాగే మాట్లాడుతున్నాడు కదా అని నమ్మాను. ఓట్లడిగేవాళ్లు కూడా ఇదే చేస్తారని పదేళ్లుగా అందరికీ చెబుతున్నది నేనే.

సరే, మీ కోసం ఓ నాలుగు ముక్కలు. నంబరు చూసుకోండి. సామాను లిస్టు, మొత్తం రేటు, పన్ను కలిపా విడిగానా అన్నీ కాగితం మీద సంతకంతో తీసుకోండి. బండి నంబరు ఫొటో తీయండి. సర్టిఫికెట్లు, మందులు, బంగారం మీతోనే తెచ్చుకోండి. మోసపోతే కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915, నేను ఇవాళే ఫిర్యాదు పెట్టాను. చూద్దాం.

బిల్లు పంపమని పొద్దుట్నుంచి నాలుగు మెసేజ్‌లు పెట్టాను. నాలుగింటికీ నీలం టిక్కులు పడ్డాయి. ఇప్పుడు బైక్ సంగతి మొదలుపెట్టాలి: కేఏ నంబరు, బెంగళూరు ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్. ఒకే దేశం, ఒకే పన్ను అని చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి.