ఇండియన్-పయనీర్ పేపర్స్: నాలుగేళ్లుగా చదువుతున్నాక

డల్లాస్ నుంచి ఐ-35 మీద ఉత్తరానికి పోయి రెడ్ రివర్ దాటితే, అదంతా ఒకప్పటి చికసా నేషన్, అంటే చికసా అనే అమెరికా ఆదివాసీ తెగ నేల; ఇప్పుడది ఓక్లహోమాలో ఉంది. ఓ వీకెండ్ టిషొమింగో వెళ్లి, 1898లో కట్టిన వాళ్ల రాజధాని భవనం చూసొచ్చిన రాత్రి ఈ కాగితాలు తెరిచాను (ఇండియన్ అంటే ఇక్కడ అమెరికా ఆదివాసీ, పయనీర్ అంటే వలస వచ్చి స్థిరపడ్డవాడు). నాలుగేళ్లయింది, ఇంకా తెమలలేదు.

ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1936లో మొదలైన పని ఇది. చరిత్రకారుడు గ్రాంట్ ఫోర్‌మన్ పెద్దరికంలో, ప్రభుత్వ ఉపాధి పథకం జీతం మీద కొందరు ఓక్లహోమా ఊళ్లన్నీ తిరిగి ముసలివాళ్ల జీవితాలు అడిగి రాసుకున్నారు. 11 వేలకు పైగా ఇంటర్వ్యూలు, 112 సంపుటాలు. ఆన్‌లైన్‌లో ఉచితంగానే చదవచ్చు.

ప్రతిదానికీ ముందు ఓ ఫారం ఉంటుంది: పేరు, పుట్టిన తేదీ, ఊరు, తల్లి, తండ్రి. మొదట్లో అది వదిలేసి కథలోకి దూకేవాణ్ణి. చికసా మనిషి తండ్రి పుట్టింది మిసిసిపీలో అని ఉంటే, 1837లో మొదలై చికసాలను అక్కణ్ణుంచి ఇక్కడికి తరలించిన బలవంతపు వలసంతా ఆ ఒక్క గడిలోనే ఉన్నట్టని తర్వాత తెలిసింది.

నన్ను బాగా పట్టుకున్నది కౌలు సంగతి. సెటిలర్ అంటే సొంత పొలం ఉన్నవాడనే అనుకునేవాణ్ణి. ఇక్కడేమో భూమి తెగ మొత్తానిది. తెల్ల కుటుంబం పర్మిట్ తీసుకుని చికసా ఆసామి దగ్గర కౌలుకు దిగాలి. పొదలు కొట్టి, కంచె వేసి, గుడిసె కట్టుకుని, గడువు తీరాక అన్నీ ఆసామికే వదిలి మళ్లీ బండెక్కాలి. వాళ్ల పిల్లలకు తెగ బళ్లలో చోటు లేదు; తలా ఇంత వేసుకుని పంతుల్ని పెట్టుకునేవారు, అచ్చం మన వీధిబడి. 1898 కర్టిస్ చట్టంతో భూమి తలకింత అని పంచడం మొదలయ్యాక ఈ లెక్కంతా చెదిరిపోయింది.

చికసా ఇళ్ల వైపు వస్తే పాషోఫా: మొక్కజొన్న నూక, పంది మాంసం కలిపి పెద్ద ఇనప కుండలో గంటలకొద్దీ ఆరుబయట ఉడికిస్తారు. జబ్బు మనిషి కోసం చేసే తంతుకూ అదే పేరు. (చదువుతుంటే ఆకలేస్తుంది, మీ ఇష్టం.)

చిరాకులూ ఉన్నాయి. పేర్లు చెవికి వినపడినట్టు రాశారు, ఒకే ఇంటిపేరు మూడు రకాలుగా కనిపిస్తుంది. చాలాచోట్ల వినేది ముసలాయన గొంతు కాదు, రాసినాయన గొంతు. అరవై ఏళ్ల నాటి జ్ఞాపకాలు కాబట్టి తేదీలు నమ్మకండి, తెగ సభ్యుల ప్రభుత్వ జాబితా అయిన డాస్ రోల్స్‌తో సరిచూసుకోండి. చికసాల దగ్గర బానిసలుగా ఉండి, విడుదలయ్యాక కూడా పౌరసత్వం దక్కని నల్లవాళ్ల మాట కోసమైతే బాగా వెతకాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మనిషి పేరుతో కాకుండా ఊరి పేరుతో వెతకండి. పాల్స్ వ్యాలీతో మొదలెడితే వారం గడిచిపోతుంది.