మండువేసవిలో ఫిల్ము కడగడానికి ఏ డెవలపర్ మేలు?

మే నెల మధ్యాహ్నం విజయవాడలో మా కుళాయి కింద థర్మామీటరు పెడితే 36 డిగ్రీలు చూపిస్తుంది. ఫిల్ము తయారీదారులు ఇచ్చే సమయాలు మాత్రం ఎక్కువగా 20 డిగ్రీల లెక్కలో ఉంటాయి. నలుపు తెలుపు ఫిల్మును ఇంట్లోనే కడుక్కునే మిత్రులు, ఫిల్ము మీద బొమ్మను పైకి తెచ్చే రసాయనమైన డెవలపర్ గురించి మాట్లాడుకుంటే చర్చంతా గ్రెయిన్ (ఫొటోలో కనిపించే రేణువుల గరుకు) మీదే నడుస్తుంది. ఏది సన్నగా ఇస్తుంది, ఏది పదునుగా ఇస్తుంది అని. అవి అడగవలసిన ప్రశ్నలే. కానీ మన ఊళ్లలో వాటికంటే ముందు మరో రెండు ఉన్నాయి. మీ ఇంట్లో నీళ్లు ఎంత వేడిగా ఉంటాయి? నెలకు ఎన్ని రీళ్లు కడుగుతారు? ఈ రెండింటికీ జవాబు తెలిస్తే డెవలపర్ ఎంపిక సగానికి పైగా తేలిపోతుంది.

వేడి సంగతి ముందు చూద్దాం. ద్రావణం ఒక్కో డిగ్రీ వేడెక్కేకొద్దీ కడిగే సమయం సుమారు 10 శాతం తగ్గించాలి. సమయం 5 నిమిషాల కంటే తగ్గిందంటే చిక్కు మొదలవుతుంది. ట్యాంకులోకి డెవలపర్ పోయడానికి, తిరిగి పారబోయడానికి పట్టే పదిహేను ఇరవై సెకన్లు అంత చిన్న సమయంలో పెద్ద వాటా అయిపోతాయి. ఫిల్ములో ఒక అంచు ఎక్కువ కడగబడుతుంది, ఇంకో అంచు తక్కువ. ఆకాశం ఉన్న ఫొటోల్లో ఆ తేడా చారలుగా కనిపిస్తుంది.

చాలామంది వాడే ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ ఫిల్మునే తీసుకుందాం. 20 డిగ్రీల దగ్గర హెచ్‌సీ-110 అనే డెవలపర్‌ను బి పలుచనలో, అంటే 1 పాలుకు 31 పాళ్ల నీళ్లు కలిపి వాడితే 5 నిమిషాలు చాలు. నీళ్లు కలపని డి-76 అనే మరో డెవలపర్‌కు ఏడున్నర నిమిషాలు. సగానికి సగం నీళ్లు కలిపిన డి-76కు 11 నుంచి 13. రోడినాల్ అనే ఇంకో డెవలపర్‌ను 1+50లో, అంటే 1 పాలుకు 50 పాళ్ల నీళ్లతో వాడితే 11. ఇప్పుడు గది వేడికి ద్రావణం 24 డిగ్రీలకు చేరిందనుకోండి. హెచ్‌సీ-110 మూడు నిమిషాల పైచిలుకుకు పడిపోతుంది, అంటే వాడకూడని చోటికి. నీళ్లు కలపని డి-76 సరిగ్గా 5 నిమిషాల అంచున నిలబడుతుంది. సగం నీళ్ల డి-76కు ఇంకా ఏడు నుంచి ఎనిమిదిన్నర నిమిషాల దాకా, రోడినాల్‌కు ఏడు పైన మిగులుతాయి. మన వేసవిలో పలుచని డెవలపరే మేలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

అందుకే నా మొదటి ఓటు డి-76కు. సగం నీళ్లు కలిపి, ఒక్కసారి వాడి పారబోసే పద్ధతిలో. కొడాక్ దీన్ని 1920ల చివర్లో సినిమా ఫిల్ము కోసం తెచ్చింది. ఇల్ఫర్డ్ అమ్మే ఐడీ-11 దాదాపు ఇదే వంటకం. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, నీరు తీసిన సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. బోరాక్స్ అంటే కంసాలులు వాడే వెలిగారమే. మెటాల్ నీడల్లోని వివరాన్ని మెల్లగా పైకి తెస్తుంది. హైడ్రోక్వినోన్ వెలుగు పడిన చోట నలుపును చిక్కబరుస్తుంది. వెలిగారం ఈ రెంటినీ పనిలోకి దింపే క్షారం. అంత ఎక్కువగా వేసే సల్ఫైట్ డెవలపర్‌ను గాలికి పాడవకుండా కాపాడుతుంది, పైగా వెండి లవణాన్ని కాస్త కరిగించి గ్రెయిన్ అంచులను మెత్తబరుస్తుంది.

డి-76కూ ఒక లోపం ఉంది. సీసాలో నిలవ ఉన్నకొద్దీ దాని క్షారగుణం నెమ్మదిగా పెరిగి, కొన్ని వారాలకు మొదటి రోజుకన్నా చురుకుగా పనిచేస్తుంది. మూత బిగించిన నిండు సీసాలో ఆరు నెలలు ఉంటుందంటారు. సగం ఖాళీ అయిన సీసాకు రెండు నెలలే గడువు. నెలకు రెండు మూడు రీళ్లు కడిగేవారికి ఇది సమస్య కాదు. 300 మిల్లీలీటర్ల ట్యాంకుకు 150 మిల్లీలీటర్ల అసలు ద్రావణం పడుతుంది, కాబట్టి లీటరుకు ఆరు రీళ్లు వస్తాయి. సీసా పాతబడేలోపే అయిపోతుంది.

స్వయంగా కలుపుకోవాలనే ఉత్సాహం ఉన్నవారికి డి-76 కంటే డి-23 ఇంకా మంచిదని నా అభిప్రాయం. 1944లో కొడాక్ పరిశోధకులు వెలువరించిన ఈ వంటకంలో ఉన్నవి రెండే దినుసులు: మెటాల్ ఏడున్నర గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, లీటరు నీళ్లు. హైడ్రోక్వినోన్ లేదు కాబట్టి వెలుగు భాగాలు మరీ నల్లబడిపోవు. ఎండలో నిలబడిన రైతు తెల్ల తలపాగాలోని మడతలు, ఆ తలపాగా నీడలో ఉన్న కళ్లు, రెండూ ఒకే నెగెటివ్‌లో దక్కాలంటే ఇంతకంటే నమ్మదగిన డెవలపర్ నాకు దొరకలేదు. మబ్బు రోజున మాత్రం ఇదే గుణం చప్పగా అనిపిస్తుంది. అప్పుడు సమయం కొంత పెంచాలి.

కలపడంలో క్రమం తప్పితే పని చెడుతుంది. 50 డిగ్రీల వేడి నీళ్లు 750 మిల్లీలీటర్లు తీసుకుని, ముందు చిటికెడు సల్ఫైట్ వేయండి. తరువాత మెటాల్ వేసి పూర్తిగా కరిగేదాకా కలపండి. మిగతా సల్ఫైట్ ఆ తరువాతే. చిక్కటి సల్ఫైట్ ద్రావణంలో మెటాల్ కరగదు, అందుకే ఈ వరస. మొదట వేసిన చిటికెడు మెటాల్‌ను గాలి నుంచి కాపాడుతుంది. చివర్లో చన్నీళ్లతో లీటరుకు నింపి, చల్లారాక వాడుకోవాలి. గ్రాములో పదో వంతు దాకా చూపే చిన్న డిజిటల్ కాటా తప్పనిసరి. మెటాల్ కొందరి చర్మానికి పడక దద్దుర్లు తెస్తుంది, చేతికి తొడుగులు వేసుకోండి. ఈ గిన్నెలూ గరిటెలూ మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు.

బోరు నీళ్లలో సున్నం ఎక్కువగా ఉంటే ద్రావణంలో తెల్లటి మడ్డి తేలుతుంది. డెవలపర్ కలపడానికి, చివరి కడుగుకు బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ గానీ, వాటర్ ప్లాంటు క్యాను నీళ్లు గానీ వాడితే ఆ బాధ ఉండదు.

ఇంకో హెచ్చరిక నేను నష్టపోయి నేర్చుకున్నది. సల్ఫైట్, సల్ఫేట్, సల్ఫైడ్ అనేవి మూడు వేర్వేరు పదార్థాలు. ఒకసారి ఒక రసాయనాల దుకాణంలో సల్ఫైట్ అడిగితే సల్ఫేట్ కట్టి ఇచ్చారు, చీటీ చదవకుండా కలిపేశాను. డి-23లో క్షారంగా పనిచేసేది సల్ఫైటే కాబట్టి అది లేని ద్రావణంలో బొమ్మ పుట్టనే లేదు. మా పిన్ని మనవరాలి బారసాల రీలు మొత్తం ఖాళీగా బయటికి వచ్చింది. ఆమె ఈ రోజుకీ ఆ ఫొటోలు అడుగుతూనే ఉంది. అప్పటి నుంచి కొత్తగా ఏది కలిపినా, ఫిల్ము మొదట్లో వెలుగు తగిలి వృథాగా పోయే నాలుక ముక్కను కత్తిరించి, పట్టపగలే ఆ ద్రావణంలో వేసి చూస్తాను. రెండు మూడు నిమిషాల్లో కారునల్లగా మారితే డెవలపర్ బతికి ఉన్నట్టు. ఈ పరీక్షకు పట్టేది ఐదు నిమిషాలు, ఫిల్ము ఖర్చు ఏమీ లేదు. దయచేసి మానకండి.

మూడు నెలలకొక రీలు కడిగేవారి లెక్క వేరు. వారికి రోడినాల్. 1891లో జర్మనీలో ఆగ్ఫా సంస్థ పేటెంటు తీసుకున్న ఈ డెవలపర్ ఇప్పుడు ఆర్09 వంటి పేర్లతో కూడా దొరుకుతుంది. సీసాలోని చిక్కటి ద్రావణం ఏళ్లు గడిచేకొద్దీ టీ డికాక్షన్ రంగులోకి మారినా పనిచేస్తూనే ఉంటుంది. 1+50 పలుచనలో ఒక్కో రీలుకు పట్టేది 6 మిల్లీలీటర్లే. అర లీటరు సీసా 80 రీళ్లకు సరిపోతుంది. పొడి కరిగించే శ్రమ లేదు, సూది తీసిన సిరంజితో కొలిచి నీళ్లలో కలిపితే చాలు. చిక్కటి ద్రావణం కాస్టిక్ గుణం కలది, కంటిలో పడకుండా చూసుకోవాలి.

రోడినాల్ గ్రెయిన్‌ను దాచదు. హెచ్‌పీ5 వంటి 400 వేగం (తక్కువ వెలుగుకే స్పందించే) ఫిల్ములో ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది, నీడల్లో కొంత వివరం కూడా పోతుంది. పాత గుడి గోపురాలకు, రాతి గోడలకు ఆ గరుకుదనం అందంగా నప్పుతుంది. చిన్నపిల్లల ముఖాలకు నేను వాడను. ఎఫ్‌పీ4 వంటి నెమ్మది ఫిల్ము వేస్తే ఆ ఇబ్బంది చాలావరకు పోయి పదును మిగులుతుంది. 1+100లో గంటసేపు కదపకుండా వదిలేసే పద్ధతిని కొందరు మెచ్చుకుంటారు. ఆ గంటలో ద్రావణం గది వేడికి చేరుకుంటుంది, ఫిల్ము మీద మసక కమ్ముతుంది. డిసెంబరులో అయితే ప్రయత్నించండి, మే నెలలో వద్దు.

ఎక్స్‌టోల్ అనే డెవలపర్ గురించి రెండు మాటలు చాలు. గ్రెయిన్, వేగం, పదును మూడింటినీ కలిపి చూస్తే బహుశా అన్నిటికన్నా మెరుగైనది. కానీ ఐదు లీటర్లు ఒకేసారి కలపాలి. పాడైన సంగతి రంగులో కనిపించకుండా ఒక రోజు చప్పున చచ్చిపోతుంది. వారం వారం కడిగే స్టూడియోకు సరే, ఇంటికి కాదు.

ఇన్‌స్టంట్ కాఫీ, విటమిన్ సి, చాకలి సోడాలతో కడిగే కెఫెనాల్‌ను కూడా ప్రస్తావించాలి. అమెరికాలోని రోచెస్టర్‌లో 1995లో ఒక తరగతి గదిలో పుట్టిన పద్ధతి ఇది. లీటరుకు నీరు తీసిన చాకలి సోడా 54 గ్రాములు, విటమిన్ సి 16, కాఫీ పొడి 40, సమయం 20 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు. నిజంగానే బొమ్మ వస్తుంది. మన దుకాణాల్లోని చాలా ఇన్‌స్టంట్ కాఫీల్లో చికోరీ కలుస్తుంది, చికోరీ లేనిది వెతికి కొనండి. వంట సోడాను చాకలి సోడా అనుకుని వేయకండి. పిల్లలకు రసాయన శాస్త్రం చూపించడానికి ఇంతకంటే మంచి పాఠం ఉండదు. మళ్లీ తీయలేని ఫొటోలను మాత్రం దీనికి అప్పగించవద్దు.

ఏది ఎంచుకున్నా నీళ్లను 24 డిగ్రీల దాకా దించుకోవాలి. కరీంనగర్‌లో ఉన్నప్పుడు పొడి గాలికి కుండలో నీళ్లు బాగా చల్లబడేవి, వాటితోనే పని జరిగిపోయేది. విజయవాడ ఉక్కపోతలో కుండ అంతగా సాయపడదు. ఇక్కడ టబ్బులో ఐసు ముక్కలు వేసి సీసాలను అందులో నిలబెడతాను. డెవలపర్, హైపో (బొమ్మను స్థిరపరిచే ద్రావణం), కడిగే నీళ్లు అన్నీ ఒకే వేడి దగ్గర ఉండాలి. చల్లని డెవలపర్ నుంచి తీసి 36 డిగ్రీల కుళాయి కింద పెడితే జెలటిన్ పొర ఉబ్బి ముడతలు పడే ప్రమాదం ఉంది.

మొదట్లో పక్కన పెట్టిన హెచ్‌సీ-110ను తెలిసినవారి దగ్గర కొద్దిగా అడిగి తెచ్చుకోవలసిన సందర్భం ఒకటుంది. ఊటీ కర్మాగారంలో తయారైన ఇందు ఫిల్ము రీలు, ఎప్పుడో తీసి కడిగించకుండా వదిలేసినది, తాతగారి బీరువాలో దొరకవచ్చు. ఏళ్ల తరబడి వేడికి మగ్గిన ఫిల్ము మీద మసక పేరుకుంటుంది. హెచ్‌సీ-110 ఆ మసకను తక్కువగా లేపుతుంది. ఐసు టబ్బులో 20 డిగ్రీలకు దించి, ముందుగా చివరి రెండు ఫ్రేముల ముక్క ఒక్కటి కత్తిరించి కడిగి చూడండి. మిగతా రీలుకు ఎంత సమయం ఇవ్వాలో ఆ ముక్క చూపిస్తుంది.